ముంబై లోకల్‌లో ఎవరిదో బ్యాగు

గేట్‌వే, మెరైన్ డ్రైవ్ గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను రాసేది సాయంత్రం చర్చ్‌గేట్‌లో ఎక్కిన బోరివలి స్లో లోకల్ గురించి.

డబ్బులు పోతే పోయాయని ఫస్ట్ క్లాస్ టికెట్ తీశాను. సెకండ్ క్లాస్‌కీ దీనికీ ధరలో అంత తేడా పెట్టారు కదా, హాయిగా కూర్చోవచ్చనుకున్నా. సీటు కాస్త మెత్తగా ఉంది, అంతే. ముగ్గురు కూర్చునే చోట నాలుగోవాడిగా అంచున వేలాడాను.

పక్కనున్న పెద్దాయన నా ఫోన్ మాటలు విని, "హైదరాబాదా తమ్మీ?" అన్నారు. వాళ్ళ నాన్న కరీంనగర్ నుంచి మిల్లు పనికి వచ్చారట. ఆయన పుట్టి పెరిగిందంతా ఇక్కడే.

దాదర్‌లో జనం విరగబడి ఎక్కారు. తలుపు దగ్గర్నుంచి ఒక నల్ల బ్యాగు చేతులు మారుతూ వచ్చి నా నెత్తిమీది ర్యాక్‌లో చేరింది. ఎవరు పంపారో ఎవరూ తిరిగి చూడలేదు. నాకు టెన్షన్ మొదలైంది. 2006 జూలై 11 సాయంత్రం బాంబులు పెట్టింది ఈ లైన్లోనే, ఫస్ట్ క్లాస్ పెట్టెల్లోనే. 11 నిమిషాల్లో ఏడు పేలుళ్ళు, 180 మందికి పైగా చనిపోయారు. మాతుంగా రోడ్, మాహిం, బాంద్రా, ఖార్... ఇప్పుడు వరసగా రాబోయేవి ఆ పేర్లే.

"ఆ బ్యాగు ఎవరిదండీ?"

"ఎవలదో ఉంటది." పేపర్ లోంచి తల ఎత్తలేదు.

2006 సంగతి ఎత్తాను. ఆ మర్నాడు కూడా ఇదే లైన్లో డ్యూటీకి పోయారట. "పోకుంటే జీతం కోస్తరు. టీవీల వాళ్ళు దాన్నే ముంబై స్పిరిట్ అన్నరు."

ఈ స్పిరిట్ అనే మాట మీద నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. గత్యంతరం లేక బయల్దేరిన మనిషికి వీరతాడు వేసేస్తే, కాపాడాల్సినవాళ్ళు జవాబు చెప్పే పని తప్పుతుంది. మా ఊరూ తక్కువేం తినలేదు. 2007 ఆగస్టులో గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలింది. ఇప్పుడక్కడ పానీపూరీ తింటూ మేం మాట్లాడుకునేది పార్కింగ్ గురించే.

కానీ పెద్దాయన నన్ను వేరే లెక్కలోకి లాగారు. ముంబై లోకల్ లైన్లలో పట్టాలు దాటుతూ, రైళ్ళ నుంచి జారిపడీ, ఇంకా వేరే కారణాలతోనూ కలిపి ఏటా రెండు వేల మందికి పైగా పోతున్నారు. "రోజుకు ఆరుగురనుకో. బాంబుది ఒక్కనాటి ముచ్చట. గీళ్ళ కోసం ఎవలన్న మైకు పట్టుకొచ్చిండ్రా?"

నిజమే, మాట పడిపోయింది. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. బాంబు దానంతటది జారిపడదు కదా, ఎవరో తెచ్చి పెట్టాలి. ఆ ఎవరో ఎవరన్నది ఇన్నేళ్ళయినా తేలనే లేదు. కింది కోర్టు 2015లో 12 మందికి శిక్షలు వేసింది, అందులో ఐదు ఉరిశిక్షలు. 2025 జూలైలో బాంబే హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. ఆ తీర్పును వేరే కేసుల్లో వాడుకోకూడదని స్టే వచ్చింది గానీ, విడుదలైనవాళ్ళు మళ్ళీ జైలుకు వెళ్ళక్కర్లేదన్నారు. ఇన్నేళ్ళు జైల్లో ఉన్నవాళ్ళకు, ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకు ఏం చెబుతారు? హైకోర్టు తీర్పు వచ్చిన రోజు ఊళ్ళో ఏమన్నా గొడవైందా అనడిగాను.

"ఆనాడు వాన దంచికొట్టింది తమ్మీ. బండ్లు లేటు. అందరం దాని మీదనే తిట్టుకున్నం."

అంధేరీలో ఎవరో చెయ్యి చాపి బ్యాగు అడిగితే, పెద్దాయనే లేచి తీసి అందించారు. అడిగినవాడిదేనా అని మాత్రం చూడలేదు. మళ్ళీ కూర్చుని, హైదరాబాద్‌లో డబుల్ బెడ్రూం ఫ్లాట్ ఇప్పుడెంత నడుస్తోందని నన్నడిగారు. రిటైరయ్యాక అటు వచ్చేద్దామని ఉందట.