ఈసెట్‌కి సి లాంగ్వేజ్: లూపులు నాకు ఎలా పట్టుబడ్డాయంటే

ఏపీ ఈసెట్‌కి (డిప్లొమా అయ్యాక నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే పరీక్ష) చదువుతున్న సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) డిప్లొమా తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. మ్యాథ్స్, ఫిజిక్స్ ఎలా చదవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను సి లాంగ్వేజ్‌లో లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), ఇఫ్-ఎల్స్ (షరతు చూసి దారి ఎంచుకునేది) సంగతి ఒక్కటే చెబుతాను. ఎందుకంటే నేను ఎక్కువ నలిగింది అక్కడే.

మాది రాజోలు వైపు పల్లెటూరు. పది దాకా తెలుగు మీడియం. పాలిటెక్నిక్‌లో చేరాక ప్రోగ్రాములన్నీ బట్టీపట్టి నెట్టుకొచ్చాను. ఒక ల్యాబ్ పరీక్షలో దొరికిపోయాను. ప్రోగ్రామ్ చిన్నదే. అంకెలు ఇస్తూ పోవాలి, సున్నా కొట్టగానే ఆగి మొత్తం చూపించాలి. బాగానే నడిచింది. ఎగ్జామినర్ గారు కీబోర్డు తన వైపు జరుపుకుని రెండు అంకెలిచ్చారు. మూడోసారి అంకె బదులు ఒక అక్షరం కొట్టి ఎంటర్ నొక్కారు. అంతే, ‘అంకె ఇవ్వండి’ అన్న లైను స్క్రీన్ నిండా పరుగెత్తుతూనే ఉంది, ఆగదు. “ఎందుకిలా అయిందమ్మా?” అని నెమ్మదిగానే అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు దొరకడానికి రెండు రోజులు పట్టింది. కీబోర్డు నుంచి విలువ చదివే స్కాన్ఎఫ్‌ని పూర్ణసంఖ్య అడగమన్నప్పుడు అక్షరం ఎదురైతే అది దాన్ని తీసుకోదు, ఉన్నచోటే వదిలేస్తుంది. వేరియబుల్‌లో, అంటే ఆ అంకెని దాచుకునే చోట, పాత విలువే ఉండిపోతుంది. అది సున్నా కాదు కాబట్టి వైల్ లూప్ మళ్లీ తిరుగుతుంది, మళ్లీ అదే అక్షరం అడ్డు. అసలు స్కాన్ఎఫ్ తాను ఎన్ని విలువలు చదివిందో మనకి తిరిగి చెబుతుంది. ఒక్కటి అడిగితే 1 రావాలి. ఆ 1 వచ్చిందా లేదా అని ఇఫ్‌తో చూసుకుని, రాకపోతే లైను చివరిదాకా ఉన్న అక్షరాలను, ఒక్కోటి చదివే గెట్‌చార్‌తో తీసేసి మళ్లీ అడగాలి. ఇది తెలిశాక ప్రోగ్రామ్‌ని చూసే కన్నే మారిపోయింది నాకు.

అప్పటినుంచి ప్రతి లూపునీ మా కళ్లంలో కాటా దగ్గర పెట్టి చూసుకున్నాను. నాన్న బస్తా తూకం చెబుతుంటే నేను పుస్తకంలో రాసేదాన్ని. ‘అయిపోయింది’ అంటే కింద గీత గీయాలి. ప్రోగ్రామ్‌లో సున్నా ఆ ‘అయిపోయింది’ అన్న మాటే, తూకం కాదు. 40, 41, 39, తర్వాత 0 ఇచ్చాం అనుకోండి. సున్నా అవునా కాదా చూడకముందే కౌంట్ పెంచేస్తే మొత్తం 120 సరిగ్గానే వస్తుంది. కౌంట్ మాత్రం 3 బదులు 4 అవుతుంది, సగటు 40 పోయి 30 వస్తుంది. మొత్తం కరెక్టుగా ఉండడం వల్లే తప్పు కంటికి ఆనదు.

ఇఫ్‌లో అంచు కూడా అంతే. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటారు. సరిగ్గా 17 ఉన్న ధాన్యం చెల్లాలంటే ‘<=’ ఉండాలి, ‘<’ పెడితే ఆ రైతు ధాన్యం వెనక్కి పోయినట్టే. అందుకని ఏ కండిషన్ చూసినా ముందు ఆ అంచు అంకెనే వేసి చూడండి.

మా మామ్మ తవ్వతో బియ్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనదు. లాభం, రెండు, మూడు అంటుంది. మొదటిదాని పేరు ఏదైనా, ఆఖరికి పలికిన అంకే మొత్తం తవ్వలు. సి అర్రేలో (విలువల్ని వరసగా పెట్టుకునే చోటు) మొదటి స్థానం సున్నా కాబట్టి అలా కుదరదు. ఐదింటి అర్రేకి ఆఖరి స్థానం 4. సున్నాతో మొదలెట్టి ‘<= 5’ అని రాస్తే లూప్ ఆరుసార్లు తిరిగి, మనది కాని చోటికి పోతుంది.

పరీక్షలో 180 నిమిషాలు, 200 ప్రశ్నలు, అందులో 100 మన బ్రాంచివి. ఒక్కోదానికి నిమిషం కూడా లేదు. తప్పుకి మార్కులు కోయరు కాబట్టి ఏదీ వదలక్కర్లేదు. కానీ అవుట్‌పుట్ అడిగే ప్రశ్నని ఊహించి పెట్టకండి, కాగితం మీద నడపండి. ఒక్కో వేరియబుల్‌కి ఒక గడి, ఒక్కో చుట్టుకి ఒక వరస. మొదట్లో నాకు ఒక్కో ప్రశ్నకి ఐదు నిమిషాలు పట్టేది, టెన్షన్ వచ్చేసేది. రోజుకి పది చొప్పున రెండు నెలలు చేశాక చెయ్యి దానంతటదే నడిచింది.

గడులు గీసే ముందు మాత్రం ఫర్ లూప్ లైను చివర సెమికోలన్ ఉందేమో చూడండి. ఐ విలువ 1 నుంచి 5 దాకా అని ఉండి, చివర సెమికోలన్ పెట్టి, కింద ఐ విలువని స్క్రీన్ మీద చూపించే ప్రింట్ఎఫ్ ఇస్తే 1 2 3 4 5 రాదు. లూప్ లోపల ఏమీ లేకుండా తిరిగి, బయటికొచ్చాక ఒక్కసారే 6 అని వస్తుంది.