రెండో తల

పొద్దున లేవగానే ల్యాప్‌టాప్ తెరిచాను. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ కోసం నేను చేస్తున్న గండభేరుండం రాత్రి ఎగిరింది, ఇవాళ కూడా ఎగురుతుందో లేదోనని టెన్షన్. ఎగిరింది. కాకపోతే రెండు తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి, ఒకేసారి కిందికి వంగాయి. భయపెట్టాల్సిన పక్షి కాస్తా కవాతు చేస్తున్నట్టుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో జంతువుకి ఆకారం తేవడం పెద్ద పని కాదు. బ్లాక్‌బెంచ్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పెట్టెలు పేర్చి, కదపడానికి భాగానికో బోన్ (ఎముక లాంటిది) తగిలించి, పైన రంగులద్దితే సరి. ప్రాణం తేవడమే కష్టం. తల ఎటు తిరగాలో ఆ కోణాన్ని ఆటే ఇస్తుంది. నేను తెలివిగా అదే విలువను రెండు మెడలకూ ఇచ్చేశాను! ఎడమ తలను అలాగే ఉంచి, కుడి తలకి అందులో మూడో వంతే ఇచ్చి, మెల్లగా ఊగేలా ఒక సైన్ తరంగం కలిపాను. ఇప్పుడు ఒక తల నన్ను చూస్తుంటే రెండోది ఇంకేదో ఆలోచిస్తోంది. ఈ ఒక్క పనికే మధ్యాహ్నం అయింది. (ఈ ఆటలో విథర్ అనే శత్రువుకి మూడు తలలు. దాన్ని చేసినవాళ్లకి దణ్ణం.)

ఆ తర్వాత అమ్మకం గొడవ. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కి చేసిన మాడ్‌ని, అంటే ఆటకి బయటివాళ్లు చేసే చేర్పుని, డబ్బుకి అమ్మకూడదని ఆట ఒప్పందంలోనే ఉంది. ఆటలో ఇంకో ఎడిషన్ అయిన బెడ్‌రాక్‌కి 2017 నుంచి మార్కెట్‌ప్లేస్ అనే సొంత దుకాణం ఉంది గానీ, అక్కడ అమ్మేది ఆమోదం పొందిన భాగస్వాములే. అలాంటి ఒక టీమ్‌తో వాటా మాట్లాడుకున్నాను. తక్కువేమో అనిపించి పాత సంగతులు తిరగేశాను. 2015లో స్కైరిమ్ అనే ఇంకో ఆట మాడ్‌లను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో అమ్మకానికి పెట్టినప్పుడు, చేసినవాళ్లకి దక్కింది 25 శాతం. ఆటగాళ్లు మండిపడితే కొద్ది రోజుల్లోనే ఎత్తేశారు. ఒకరు అమ్మే మాడ్‌లో ఇంకొకరి పని ఉండటం మీద కూడా అప్పట్లో పెద్ద రచ్చ జరిగింది.

అది చదివాక గుండె జారింది. నా ఫోల్డర్‌లో ఏ ఫైలు ఎక్కడిదో రాసుకుంటూ పోతే దొరికిపోయాను. గండభేరుండం అరుపు! ఉచితమని ఎప్పుడో దించుకున్నది. వ్యాపారానికి వాడకూడదని దాని షరతుల్లో స్పష్టంగా ఉంది. ఇన్నాళ్లూ చదవనే లేదు.

నాకు చాలా ఇష్టమైన అరుపది. తీసేశాను. తలుపేసుకుని ఫోన్ ముందు నేనే అరిచాను, 14 సార్లు. అందులో ఒకదాన్ని బాగా మంద్రంలోకి దించాను. అదే అరుపును కాస్త పై స్థాయిలో, అరసెకను ఆలస్యంగా రెండో తలకి పెట్టాను. పాతదానికన్నా బాగుందని మాత్రం చెప్పలేను. పక్క గదిలోంచి అక్క వచ్చి "ఏంట్రా, ఒంట్లో బాలేదా?" అంది.

ధర ఇంకా తేలలేదు. టీమ్ వాళ్లు తక్కువ మైన్‌కాయిన్లకే (మార్కెట్‌ప్లేస్‌లో చెల్లే నాణేలు) పెడదామంటున్నారు. శరభం అనే పురాణ మృగాన్ని కూడా చేర్చి ఎక్కువకి పెడదామన్నది నేనే. శరభానికి ఎనిమిది కాళ్లు. ఆ నడక ఒక్కసారి ఊహించుకుని, "సరే, తక్కువకే పెట్టండి" అని మెసేజ్ పంపేశాను.