మా పడవకు రిపేరు డబ్బా తయారు చేసుకున్న తీరు

మాది కొల్లాపూర్ ప్రాంతం. సోమశిల దగ్గర కృష్ణలో మా మామకు ఒక ఫైబర్ పడవ ఉంది, వెనక చిన్న పెట్రోల్ ఇంజన్. వలలకు పోవడం, అప్పుడప్పుడు అవతల సిద్ధేశ్వరం వైపు మనుషుల్ని దించి రావడం దాని పని. ఈ రెండు ఒడ్డులను కలిపే వంతెన 2022లోనే మంజూరైంది కానీ, అది కట్టి దాని మీద తిరిగే రోజు వచ్చేదాకా మా ఊళ్లకు నీళ్లే దారి. మా దగ్గర ఉండేవి శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచే నీళ్లే. డ్యామ్ నిండితే సముద్ర మట్టం నుంచి లెక్కన 885 అడుగుల దాకా నీళ్లు నిలుస్తాయి. అప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు చూస్తే మనిషి ఆనడు. నడిమధ్యన ఇంజన్ ఆగితే కేకేసినా వినేవాళ్లుండరు, ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం.

పోయిన వానాకాలం అట్లనే ఆగింది. పక్కన పోతున్న వలల పడవ ఒకటి తాడు కట్టి లాగి ఒడ్డుకు చేర్చింది. ఆ రాత్రే మామతో అన్నాను, "మామా, మనకు సొంతంగా ఒక డబ్బా ఉండాలె." ఆయన, "సామాన్లు ఇంట్ల ఉన్నయి గదరా, సంచి నిండా," అన్నాడు. నిజమే, ఉన్నాయి. కానీ ఆ సంచి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అందులో సగం ట్రాక్టరువి. పడవలో కాలు పెట్టే చోట దాన్ని పెడితే వల ఎక్కడ పెట్టాలి?

అందుకే సామాన్ల నుంచి మొదలుపెట్టలేదు, ఇంజన్ దేనికి ఆగుతుంది అన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టాను. రేవులో పడవలు నడిపేవాళ్లను, కొల్లాపూర్‌లో ఇంజన్లు చూసే మెకానిక్‌ను అడుగుతూ పోయాను. అందరూ చెప్పింది కలిపితే నాలుగైదు విషయాలే తేలాయి: పెట్రోల్‌లో నీళ్లు, ప్లగ్గు, ఫ్యాను (నీళ్లలో తిరిగి పడవను తోసే రెక్కలు), చల్లదనానికి లాగే నీళ్లు అడ్డుపడటం, పడవకు చిల్లు.

పెట్రోల్ సంగతి నేను ఊహించినదానికంటే పెద్దది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, ఇంజన్ లాగేది అడుగు నుంచే. వానలో మూత సరిగ్గా పడకపోతే ఇక చెప్పక్కర్లేదు. అందుకని డబ్బాలో ఒక సన్నటి గాజు సీసా పెట్టాను. అనుమానం వస్తే పైపు నుంచి కొంచెం పెట్రోల్ అందులోకి పట్టి, ఎండలో ఎత్తి చూస్తే అడుగున వేరే పొర కనిపిస్తుంది. దాంతో పాటు ఒక కొత్త ఫిల్టర్, జానెడు పెట్రోల్ పైపు, రెండు క్లిప్పులు. ఇవి గుప్పెట్లో ఇమిడిపోతాయి.

ఫ్యాను దగ్గర నాకు మా రేవు అలవాటు మీదే కోపం. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మునిగిన చెట్ల మొద్దులు, పాత గోడలు బయటపడతాయి. కనపడనివి ఇంకా ప్రమాదం. ఫ్యాను వాటికి తగిలితే లోపల ఒక చిన్న పిన్ను విరుగుతుంది. అది విరగడానికే పెట్టింది, అది విరిగితేనే గేర్లు బతుకుతాయి. చాలామంది దాని బదులు ఇనుప మేకు దూర్చి నడిపిస్తారు. మేకు విరగదు, రెండోసారి దెబ్బ తగిలితే గేరే పోతుంది. పిన్ను ఖరీదు ఎంత, గేరు ఖరీదు ఎంత? మా ఇంజన్ మోడల్ చెప్పి అసలు పిన్నులు తెప్పించి, వాటితో పాటు ఫ్యాను నట్టు ఒకటి, దానికి అడ్డం వేసే చీలిక పిన్నులు కొన్ని కలిపి చిన్న మందు డబ్బాలో పెట్టాను. నట్టు ఎక్స్‌ట్రా ఎందుకంటే, ఇంజన్ పైకి లేపి పడవ అంచున వంగి విప్పుతుంటే అది నీళ్లలో పడటం ఖాయం. విప్పేముందు కింద తువ్వాలు పరచమని రేవులో ఒక పెద్దాయన చెప్పాడు. అది మంచి మాట. ఆ పని చేసేటప్పుడు మిగతావాళ్లు ముందు వైపుకు జరగాలి, లేకపోతే వెనక బరువెక్కి నీళ్లు లోపలికి వస్తాయి.

పానాల విషయంలో ఒక పూట కూర్చుని తేల్చుకున్నాను. ఇంజన్ మీద మనం నీళ్ల నడుమ విప్పాల్సిన బోల్టులన్నిటికీ ఒక్కొక్క పానా పెట్టి చూశాను. సంచిలో అన్ని పానాలుంటే నిజంగా అక్కరకొచ్చేవి మూడే. ప్లగ్గు పానా, ఒక స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ వాటికి తోడు. ప్రతిదాని పిడికీ నైలాన్ దారం, చివర చెప్పు రబ్బరు ముక్క కట్టాను. బరువైన పానాను ఆ రబ్బరు తేల్చలేదు, అందుకే దాని దారం పొడుగు ఉంచి పని చేసేటప్పుడు మణికట్టుకు చుట్టుకుంటాం.

ఇంజన్ వెనక సన్నగా పడే నీటి ధార ఆగితే లోపల వేడెక్కుతున్నట్టు. నాచో, కవరు ముక్కో అడ్డుపడి ఉంటుంది. ఆ రంధ్రం గుచ్చడానికి మందపు గాలం దారం ముక్క చాలు. ఫ్యానుకు వల చుట్టుకుంటే కోయడానికి పదునైన కత్తి, ఒరతో. ఇది మామ అడిగి పెట్టించాడు.

చిల్లుకు ఎంసీల్ పెడదామనుకున్నాను. కానీ అది గట్టిపడేదాకా నీళ్లు ఆగవు కదా. నడుమ పనికొచ్చేది మెత్తటి చెక్కతో మొనదేలిన మేకులు, వాటికి చుట్టే గుడ్డ, పంచర్ షాపులో తెచ్చిన ట్యూబు పట్టీలు. ఎంసీల్ ఒడ్డుకు చేరాక పని, ఇంట్లోనే ఉంది.

ఇవన్నీ వెడల్పు మూతి పెయింట్ డబ్బాలో పట్టాయి. మూత బిగిస్తే నీళ్లలో వేసినా తేలుతుంది, బకెట్‌లో ముంచి చూశాను. లోపల గుడ్డకు కొంచెం గ్రీజు రాసి పానాలు చుట్టాను. విజిల్, టార్చి పైనే ఉంటాయి.

తర్వాత పడవను రేవులో తాడుతో కట్టేసి, చీకటి పడ్డాక నేనూ మామా పిన్ను మార్చి చూశాం. టార్చి ఎవరు పట్టుకోవాలో అప్పుడే తెలిసింది: రెండు చేతులకూ పని ఉంటుంది, కాబట్టి నెత్తికి కట్టుకునే టార్చి కావాలి. మర్నాడే మార్చాను.

తెడ్డు, లంగరు, లైఫ్ జాకెట్లు ఈ డబ్బాలో పట్టవు, పట్టాల్సిన అవసరమూ లేదు. అవి వేరుగా ఎప్పుడూ పడవలోనే ఉండాలి. ఇంజన్ ఆగగానే లంగరు వేయాలి, పానా తర్వాతే, ఎందుకంటే గాలికి కొట్టుకుపోతూ ఏ నట్టూ విప్పలేం. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎంతోమంది పోయినది మా వైపు ఎవరూ మర్చిపోలేదు. ఆ తరం వాళ్లు జాకెట్ అనగానే ఇప్పటికీ నోరెత్తరు, వేసుకుంటారు. కుర్రవాళ్లతోనే వాదన.

ఇప్పుడు మా బావ తన పడవకూ ఒకటి చేసిపెట్టమన్నాడు. ఆయన ఇంజన్ వేరే రకం, పిన్ను ఉండదు, ఫ్యాను లోపల రబ్బరు బుష్ మీద తిరుగుతుంది. అంటే నా డబ్బాకు కాపీ కొడితే కుదరదు. ఆదివారం ఇంజన్ విప్పి, ఏ బోల్టుకు ఏ పానా పడుతుందో మళ్లీ మొదటి నుంచి చూడాలి.