ఎయిట్ మైల్ రోడ్డుకి ఇవతల

అమెరికాలో డెట్రాయిట్‌లో ఉంటున్నామని ఇండియాలో చుట్టాలకి చెబుతాం గానీ, మా తెలుగువాళ్లలో ఎక్కువమంది ఉండేది ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి చుట్టుపక్కల సబర్బ్‌లలో. ట్రాయ్‌లో ఉండే మాకూ అసలు డెట్రాయిట్‌కీ మధ్య ఎయిట్ మైల్ రోడ్డు హద్దు. ఇల్లు కొనేముందు అందరం అడిగేది స్కూల్ రేటింగ్. అది పదికి తొమ్మిది లేకపోతే గృహప్రవేశం మాటే లేదు.

మా అమ్మాయి హైస్కూల్ ప్రాజెక్ట్‌కి డెట్రాయిట్‌కి అప్పటి మేయర్ మైక్ డగ్గన్‌ని ఎంచుకుంది. 2013 ప్రైమరీలో, అంటే అసలు ఎన్నికకి ముందు జరిగే వడపోత ఎన్నికలో, బ్యాలెట్ మీద ఆయన పేరే లేదు. ఓటర్లు చేత్తో పేరు రాసి మొదటి స్థానంలో నిలబెట్టారు! అదే ఏడాది జులైలో నగరం దివాలా పిటిషన్ వేసింది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020కి 6 లక్షల 39 వేలకి పడిపోయింది. 2014 జనవరిలో ఆయన వచ్చేసరికి చాలా వీధులు చీకట్లో ఉన్నాయి. ఆయన హయాంలో దాదాపు 65 వేల ఎల్ఈడీ దీపాలు పెట్టారు, పాడుబడ్డ ఇళ్లు వేలల్లో కూల్చారు. 1988లో మూతపడ్డ రైల్వే స్టేషన్‌ని ఫోర్డ్ కంపెనీ కొని, బాగుచేసి 2024లో తెరిచింది. మేమూ వెళ్లి చూశాం. అద్భుతం.

"మరి స్కూళ్లు కూడా ఆయనే బాగుచేశాడా?" అని అడిగాను.

"అవి మేయర్ చేతిలో ఉండవు నాన్నా" అంది.

అక్కడినుంచి నాకు క్లాసు మొదలైంది. స్కూళ్లకి ఎన్నికైన బోర్డు వేరు. ఆ బోర్డుని కూడా పక్కనపెట్టి మిషిగన్ రాష్ట్రం నియమించిన అధికారులే ఏళ్ల తరబడి నడిపారు. 2016లో క్లాసుల్లో బూజు, ఎలుకలు భరించలేక టీచర్లు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. అప్పుడు రాష్ట్రం 61.7 కోట్ల డాలర్లు ఇచ్చి, పాత అప్పుల్ని పాత స్కూల్ డిస్ట్రిక్ట్‌కే (స్కూళ్లు నడిపే స్థానిక సంస్థకే) వదిలేసి, కొత్త డిస్ట్రిక్ట్ పెట్టింది. 1994 నుంచీ మిషిగన్‌లో రోజువారీ ఖర్చుకి డబ్బు పిల్లల లెక్కన వస్తుంది. పిల్లాడు వెళ్లిపోతే వాడితోపాటు ఆ డబ్బూ పోతుంది. బిల్డింగులకి మాత్రం ప్రధానంగా స్థానిక ఆస్తి పన్నే ఆధారం. మా ఇళ్ల ధరలెక్కడ, వాళ్ల ఇళ్ల ధరలెక్కడ! పైగా 1974లో సుప్రీంకోర్టు, డెట్రాయిట్ స్కూళ్లలో జాతుల వేర్పాటు సరిదిద్దే పథకంలోకి చుట్టుపక్కల సబర్బ్‌లని లాగకూడదని తీర్పిచ్చింది.

"మనం ఇల్లు ఇక్కడ కొన్నది అందుకేగా?" అంది. పిల్ల భవిష్యత్తు కోసమే కొన్నామని చెప్పాను, అది నిజమే. "అక్కడి పేరెంట్స్ కూడా అదే అంటారుగా" అని ప్లేటు తీసుకుని లేచింది.

నా వాదన నాకుంది. కొత్తగా వచ్చిన దేశంలో ఏ తండ్రీ పిల్లల చదువుతో ప్రయోగాలు చేయడు. కానీ మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్‌కి బెంచీలు కొని పంపిస్తాం, అమరావతి మీద అర్ధరాత్రిదాకా వాట్సాప్‌లో కొట్టుకుంటాం. పన్ను కట్టే ఊళ్లో స్కూల్ బోర్డు మీటింగ్‌కి మాత్రం, అడ్వాన్స్‌డ్ మ్యాథ్ తీసేస్తారంటే తప్ప వెళ్లం. బెంచీలు మానమని అనను. మన రాజకీయ తెలివంతా ఏడు సముద్రాల అవతలే ఖర్చవుతోందన్నదే నా బాధ.

2026 జనవరిలో మేరీ షెఫీల్డ్ డెట్రాయిట్‌కి తొలి మహిళా మేయర్ అయింది. ఇంకా ఓటు రాని మా అమ్మాయి ఇంట్లో ఆర్డర్ వేసింది: ఈసారి బ్యాలెట్ చివరిదాకా నింపాలట. స్కూల్ బోర్డు పేర్లు ఉండేది అక్కడే. వాళ్లలో ఎవరు ఏమంటున్నారో నేనూ మా ఆవిడా ఇప్పటినుంచే చదువుకుంటున్నాం.