కేస్ షీట్‌లో రాశాను సార్

తిరుపతిలో మన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది 2005లో. మేం సర్జరీలో ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ, చేసేనాటికి ఇంకా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందే ఉన్నాం. అమెరికాలో స్థిరపడిన మా బ్యాచ్ మిత్రుడు ఇలాంటి చదువును రెసిడెన్సీ అంటాడు. అక్కడ మూడేళ్లు, మాకు రెండేళ్లే. అందులో మొదటి నెల నా చేతికి కత్తి రాలేదు. మోకు వచ్చింది.

12 మీటర్ల మోకు. మెడకో ఉచ్చు, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఒక మెలిక, పొదుగుకు ముందు పొట్ట చుట్టూ ఇంకో మెలిక. కొస పట్టుకుని నిదానంగా వెనక్కి లాగితే 500 కిలోల గేదె కూడా కాళ్లు మడిచి పడుకుంటుంది. రూఫ్ పద్ధతి అంటారు, పుస్తకంలో ఒక్క బొమ్మతో తేలిపోతుంది. నేను లాగితే మాత్రం అది పడుకునేది కాదు, నన్నే క్లినిక్ ఆవరణంతా తిప్పేది. చూసి చూసి మా అటెండరు ‘లాగొద్దు సార్, బరువెయ్యండి’ అన్నాడు. పుస్తకంలో లేని ముక్క అదే.

ఆ వేసవిలో మదనపల్లె వైపు నుంచి ఓ ముర్రా గేదెను మినీ లారీలో తెచ్చారు. ఈని నెల. పొట్ట ఉబ్బడం, మందు పోస్తే తగ్గడం, మళ్లీ ఉబ్బడం. పేడ కొంచెం కొంచెంగా, నల్లగా, జిగటగా. (నేను గోదావరి జిల్లావాణ్ని కాబట్టి గేదె అంటున్నాను. వెంట వచ్చిన ఆవిడకు అది ఎనుము.) ఎక్స్‌రే తీస్తే రెటిక్యులం (పశువు కడుపులో ఒక అర) డయాఫ్రమ్ దాటి, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్యనుండే పొర దాటి, ఛాతీలోకి జారి ఉంది. డయాఫ్రమాటిక్ హెర్నియా. ఆవుల్లో కంటే గేదెల్లోనే ఎక్కువ.

దీనికి రెండు ఆపరేషన్లు. మొదట నిలబెట్టే రూమెన్, అంటే మేత నిలవుండే పెద్ద పొట్ట, తెరిచి మేత ఖాళీ చేయాలి. ఒకట్రెండు రోజులు ఆగి, మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక వెనక నుంచి వెళ్లి కంత కుట్టాలి. నిండు పొట్టతో వెల్లకిలా వేస్తే బరువంతా ఊపిరితిత్తుల మీదికొస్తుంది. మేత గొంతులోకి ఎగదన్నిందా, అంతే సంగతులు.

పశువును కదలకుండా పట్టే చట్రంలో (ట్రావిస్) నిలబెట్టి, వెన్ను పక్కన నరాలకు తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ ఇచ్చాం. డొక్క చర్మం వేడెక్కిందో లేదో మా గైడు అరచేత్తో చూసి గానీ కత్తి అడిగేవారు కాదు. వేడెక్కితేనే మందు పట్టినట్టు. తొట్లకొద్దీ మేత తోడాక ‘చెయ్యి పెట్టు’ అన్నారు నాతో. భుజం దాకా లోపలికి పోయింది. ఉడుకు, పులిసిన కుడితి వాసన. తేనెపట్టు గదుల్లాంటి రెటిక్యులం గోడ వేళ్లకు తగిలింది. దాని వెంబడే ముందుకు పోతే బిందె మూతిలా గుండ్రటి అంచు. అంచు దాటాయో లేదో, వేళ్లకు ఏదో టపటపా కొట్టుకుంది. చెయ్యి లాగేసుకోబోయాను.

‘గుండె అది. తీగేమైనా ఉందేమో వెతుకు.’

బెత్తెడు తుప్పు తీగ దొరికింది.

మేత పెట్టకూడదని రాసి, రాత్రి డ్యూటీలో ఓసారి తొంగిచూసి పడుకున్నాను. పొద్దున్నే వెళ్తే గేదె నెమరేస్తోంది. మరోప్పుడైతే సంబరపడేవాణ్ని.

‘పాలిచ్చే తల్లి కదా నాయనా. కడుపులో ఏమీ లేకపోతే ఎట్టా? రవ్వంత పచ్చి కసువేసినా’ అందావిడ.

‘చెప్పలేదా?’ అడిగారు సార్.

‘కేస్ షీట్‌లో రాశాను సార్.’

‘ఆమె కేస్ షీట్ చదువుతుందా?’

అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆపరేషన్ ఒకరోజు వెనక్కి జరిగింది. ఆ రాత్రి షెడ్డులో గోనెపట్టా మీద నేనే కాపలా. ఎందుకు మేత వద్దో అప్పుడు కూర్చుని వివరంగా చెప్పాను. అంతా విని ఆవిడ సంగటి గిన్నె తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లిపోయింది. ‘దాని ఎదర నాకెట్టా దిగుతాది’ అంది. నాకూ ఒక ముద్ద పెట్టింది, అక్కడే, గోడ చాటున.

రెండో ఆపరేషన్ గురించి నన్ను అడక్కండి. రెటిక్యులాన్ని కిందికి లాగాక కంత గుండా ఛాతీలోకి గాలి దూరుతుంది. ఆఖరి కుట్టు పడేదాకా ఊపిరి మనమే పోయాలి. ఆ రబ్బరు సంచి నొక్కే పని నాది. తల తిప్పితే లెక్క తప్పుతుందన్న భయంతో కుట్లు ఎవరు వేశారో, ఎలా వేశారో కూడా చూళ్లేదు. సాయంత్రానికి లేచి నిలబడింది గేదె. పట్టెడు గడ్డి నేనే తెచ్చి వేశాను, ఈసారి సార్‌ని అడిగి.

కుట్లు విప్పి పంపేరోజు ఆ తీగ ముక్క చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

‘ఇది మా దడి కట్టిన తీగే. ముక్కలు గడ్డిలో పారేయొద్దయ్యా అంటే ఇన్లే.’

కొంగు చివర ముడేసుకుంది. ఇంటికి పోయి ఆయనకు చూపించాలట.