ట్యూబులో పుట్టే ఆక్సిస్టెరాల్

ఈ ఎండలు చూస్తే చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఆక్సిస్టెరాల్ అంటే ఆక్సిజన్ చేరిన కొలెస్ట్రాల్. దాని పరీక్షకు గచ్చిబౌలి నుంచి తార్నాకకు పంపే ప్లాస్మా డ్రై ఐస్‌లోనే వెళ్లాలి. 7-కీటోకొలెస్ట్రాల్ అనే ఆక్సిస్టెరాల్ ఒంట్లోనే కాదు, గాలి తగిలితే ట్యూబులోనూ పుడుతుంది. మామూలు కొలెస్ట్రాల్ దానికంటే వేల రెట్లు ఎక్కువ కదా, అందులో పిసరంత ఆక్సీకరణం చెందినా రిపోర్టు తలకిందులే.

రక్తం ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో తీయండి. వెంటనే ప్లాస్మా వేరు చేసి, ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ కలిపి, గాలి తగలకుండా పైన ఆర్గాన్ వాయువు నింపి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. సపోనిఫికేషన్ (కొవ్వు ఆమ్లాలతో కలిసి ఉన్న స్టెరాల్స్‌ను క్షారంతో విడదీయడం) గది ఉష్ణోగ్రతలోనే చేయండి. వేడి క్షారంలో 7-కీటో విరిగిపోతుంది. డ్యూటీరియం స్టాండర్డ్ (పోల్చుకోవడానికి తెలిసిన మోతాదులో కలిపే, బరువైన హైడ్రోజన్ ఉన్న ఆక్సిస్టెరాల్) మొదట్లోనే పడాలి, చివర్లో కలిపితే మధ్యలో పోయినదానికి లెక్క ఉండదు.

ఈ ఆక్సిస్టెరాల్స్ ఒంట్లో పేరుకునే చెత్త కాదండీ. మెదడు కొలెస్ట్రాల్‌ను నేరుగా బయటికి పంపలేదు. సీవైపీ46ఏ1 ఎంజైము దాన్ని 24ఎస్-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ అనే ఆక్సిస్టెరాల్‌గా మారిస్తేనే రక్తంలోకి దాటి కాలేయం చేరుతుంది. 25-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ ఏమో ఇన్‌సిగ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, కొలెస్ట్రాల్ తయారీ జన్యువులను నడిపే ఎస్‌ఆర్‌ఈబీపీ-2 ప్రోటీన్‌ను, అది చురుకయ్యే చోటైన కణంలోని గొల్జీకి వెళ్లనివ్వదు. దాంతో కొత్త కొలెస్ట్రాల్ తయారీ తగ్గుతుంది.

ఆక్సిస్టెరాల్ తయారుచేసే మరో ఎంజైము సీవైపీ27ఏ1లో పుట్టుకతో లోపముంటే చిన్నప్పుడే తగ్గని విరేచనాలు, కంటి శుక్లాలు, తర్వాత మడమ వెనక కొవ్వు గడ్డలు. విరేచనాలు, శుక్లాలు రెండూ ఒకే బిడ్డలో కనిపిస్తే కొలెస్టనాల్ (ఈ జబ్బులో రక్తంలో పెరిగే స్టెరాల్) పరీక్ష రాయండి, డాక్టర్లూ. దీనికి మందుగా ఇచ్చే పైత్యరస ఆమ్లం, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం, నరాలు దెబ్బతినకముందే మొదలవ్వాలి.