నీళ్లడుగున ఇరవై నిమిషాలు, పైన అక్క

నాకు ఈత రాదు. సముద్రం ఎన్నిసార్లు చూసినా మోకాలి లోతు దాటి ముందుకు పోయింది లేదు. అలాంటిది ఈరోజు ఐదు మీటర్ల లోతున ఇసుక మీద నడిచి వచ్చాను. ఇంకా చెవుల్లో బుడగల చప్పుడే ఉంది, నిద్ర పట్టట్లేదు, రాసేస్తున్నా.

ఇదంతా అక్క పట్టుదల. హెల్మెట్ వాక్‌కి, అంటే నెత్తిన గాలి నిండిన హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడవడానికి, ఈత అక్కర్లేదే, కళ్లజోడు కూడా తియ్యక్కర్లేదు, జుట్టు తడవదు అని రెండు రోజులుగా చెబుతూనే ఉంది. కింద మూతే లేని హెల్మెట్లోకి నీళ్లెందుకు రావో పడవ మీద గైడ్ వివరించాకే నాకు బుర్రకెక్కింది. చిన్నప్పుడు బకెట్లో గ్లాసు బోర్లించి నిటారుగా ముంచితే లోపల గాలి అలాగే నిలబడేది చూడండి, అదే ఇది. కాకపోతే ఇక్కడ పడవలోని కంప్రెసర్ నుంచి గొట్టం గుండా గాలి వస్తూనే ఉంటుంది, ఎక్కువైంది కింది అంచు నుంచి బుడగలై పోతుంది, నీళ్లు గడ్డం దగ్గరే ఆగిపోతాయి. తల మాత్రం వంచకూడదు.

నిచ్చెన మీద మెడలోతు నీళ్లలోకి దిగాక హెల్మెట్ నెత్తిన పెట్టారు. బయట ముప్పై కిలోల పైమాటేనట, నీళ్లలో మునిగేసరికి భుజాలకి పెద్దగా తెలియలేదు.

నా టెన్షన్ అంతా నీళ్ల గురించే, బాధ పెట్టింది మాత్రం చెవులు. నాలుగో మెట్టుకే దిబ్బడ వేసేసి, లోపల ఎవరో సూదితో నొక్కుతున్నట్టు అయింది. పది మీటర్లు దిగితే పైనున్న గాలి ఒత్తిడికి అంత ఒత్తిడీ ఇంకోటి కలుస్తుంది, మా ఐదు మీటర్లకి అందులో సగం. మొదటి కొన్ని మీటర్లలోనే ఆ మార్పు చెవికి గట్టిగా తెలుస్తుంది కాబట్టి, మెట్టు మెట్టుకీ ఆగాలి. హెల్మెట్ కిందనుంచి చెయ్యి పెట్టి ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాను. రాలేదు. ఒక మెట్టు పైకెక్కి మళ్లీ ఊదితే అప్పుడు టప్‌మని తెరుచుకుంది. ఆ హాయి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

పక్కన చూస్తే అక్క బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. భలే ఉంది అంటోందనుకుని నేనూ సంతోషంగా నా బొటనవేలు ఎత్తాను. నీళ్లలో దానర్థం 'పైకి వెళ్దాం' అని! పడవ మీద చెప్పారు కూడా, ఆ క్షణంలో గుర్తు లేదు. గైడ్ నన్ను కూడా పైకి పంపబోతే కంగారుగా చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాను, నేను బాగానే ఉన్నానని. అక్కకి నిన్నటి నుంచి జలుబు. జలుబుంటే చెవులు తెరుచుకోవు, బలవంతంగా ఊదితే చెవికే ప్రమాదం, అందుకని ఆమె వెనక్కి వెళ్లిపోయింది. నన్ను ఇంతదూరం లాక్కొచ్చిన మనిషి పైన, నేను కింద.

అడుగున అన్నీ నెమ్మదే. అడుగు ముందుకు వెయ్యాలంటే ఒళ్లంతా ముందుకు వాల్చాలనిపిస్తుంది, తలేమో నిటారుగానే ఉండాలి. నా ఎర్ర టీషర్ట్ మట్టి రంగులోకి మారిపోయింది, నీళ్లు ముందుగా తాగేసేది ఎరుపునే. ఒక నీలం చేప అందేంత దగ్గర్లో ఉందనుకుని చెయ్యి చాచితే అది ఇంకా అవతల ఉంది, అద్దంలోంచి నీళ్లలోకి చూస్తే ఏదైనా దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది కదా. ప్యారట్ ఫిష్ అట అది. పగడపు దిబ్బల మీది నాచు కొరికి తింటూ, దాంతోపాటు మింగిన పగడాన్ని పొడి చేసి ఇసుకగా వదులుతుంది. నా పాదాల కిందున్న తెల్లటి ఇసుకలో ఎంతో కొంత వాటి పుణ్యమే. ఆ మాట తెలిశాక అడుగు వేసే తీరే మారిపోయింది నాకు.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. ఫొటో బాగా వస్తుందని నా చేతికి బ్రెడ్ ముక్క ఇచ్చారు. చేపలు మూగాయి, నిజమే, కానీ నాచు తిని పగడాలకి మేలు చేసే చేపలకి బ్రెడ్ అలవాటు చెయ్యడం ఏం బాగుంది? చెయ్యి ముడుచుకుని తల అడ్డంగా ఊపాను.

పైకి వస్తుంటే ఊపిరి బిగపట్టొద్దని పదే పదే సైగ చేశారు. పైకొచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, దాన్ని బయటికి పోనివ్వాలి.

పడవ మీద అక్క టవల్ కప్పుకుని కూర్చుని ఉంది. "చెప్పవే, ఏం చూశావ్?" అంది. ఎర్ర చొక్కా సంగతి, చేప సంగతి చెప్పాను. రాత్రి గదిలో హెల్మెట్ కథ కూడా చదివి వినిపించాను. ఇది మొదట పొగ కోసం పుట్టిందట. 1823లో చార్లెస్ డీన్ అనే ఇంగ్లండ్ ఆయన పొగలో పనిచేసేవాళ్ల కోసం పేటెంట్ తీసుకున్నాడు, తర్వాత ఆయనా తమ్ముడూ కలిసి దాన్నే నీళ్లలోకి దించారు. అక్క సగంలోనే నిద్రపోయింది, ముక్కు దిబ్బడ ఇంకా తగ్గలేదు. రేపటికి తగ్గితే ఇద్దరం వెళ్తాం, తగ్గకపోతే నేనూ వెళ్లను.